బోట్‌యార్డ్ వాన నీళ్ల పర్మిట్: జింక్ 412 వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

ఉప్పుగాలి (అక్టోబర్ 9, 2024)

అందరికీ నమస్కారం. ఇక్కడ మామూలుగా వీసాలు, ఇళ్ల లోన్లు, గోంగూర ఎక్కడ దొరుకుతుంది లాంటివే అడుగుతారు. నాది కొంచెం విచిత్రమైన ప్రశ్న, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

మేం ముగ్గురు స్నేహితులం కలిసి ఈ మార్చిలో మసాచుసెట్స్ తీరంలో, బోస్టన్‌కి దక్షిణాన, చిన్న మెరీనా ఒకటి కొన్నాం. ఇద్దరం ఐటీ, ఒకడికి గ్యాస్ స్టేషన్లు ఉన్నాయి. బోట్ల గురించి ముగ్గురికీ తెలిసింది దాదాపు సున్నా. తొంభై బోట్లు కట్టుకునే చోటు, ఒక ఫ్యుయెల్ డాక్, వెనకాల రెండెకరాల కంకర యార్డు, బోట్లని నీళ్లలోంచి ఎత్తే ట్రావెల్‌లిఫ్ట్ ఒకటి, పాత రేకుల షెడ్డు. అక్టోబర్ వచ్చిందంటే బోట్లన్నీ పైకి తీసి, అడుగు కడిగి, ప్లాస్టిక్ చుట్టి, ఏప్రిల్ దాకా యార్డులో నిలబెడతాం. ఆదాయంలో సగం ఆ చలికాలం అద్దెదే.

కొన్నప్పుడు లాయర్ "వాన నీళ్ల పర్మిట్ మీ పేరు మీదికి మార్చాలి, చేతులు మారడానికి 30 రోజుల ముందే నోటీస్ ఆఫ్ ఇంటెంట్ వేయాలి" అంటే వేసేశాం. అది ఈపీఏ (అమెరికా కేంద్ర పర్యావరణ సంస్థ) వాళ్ల మల్టీ సెక్టర్ జనరల్ పర్మిట్, 2021 నాటిది. దాంతోపాటు పాత ఓనర్ ఒక లావు ఫైలు ఇచ్చాడు, స్విప్ అంటారు దాన్ని, వాన నీళ్లలో ఏం కలుస్తుందో, కలవకుండా ఏం చేస్తామో రాసుకునే ప్లాన్. ఫైలు ఉంది కదా అని నేనూ షెల్ఫ్‌లో పెట్టేశాను. పోయిన నెల తీసి చదివితే పదకొండో పేజీలో వేరే యార్డు పేరు ఉంది. మ్యాప్‌లో గుర్తుపెట్టిన కాలువ మా దగ్గర అసలు లేనే లేదు. ఎవరిదో కాపీ కొట్టారన్నమాట.

ఇంకోటి. మూడు నెలలకోసారి వాన పడినప్పుడు నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపాలట. పాత మేనేజర్‌ని అడిగితే "మేమెప్పుడూ నో డిశ్చార్జ్ అని కొట్టేసేవాళ్లం" అన్నాడు. అంటే వాన నీళ్లు బయటికే పోలేదని. మసాచుసెట్స్‌లో! ఈ ఏప్రిల్-జూన్‌కి కూడా మా పేరు మీద అతనే అలా కొట్టేశాడు, నాకు తెలియదు.

సరే, సెప్టెంబర్‌లో నేనే వానలో నిలబడి తూము దగ్గర నీళ్లు పట్టి పంపాను. నిన్న రిపోర్టు వచ్చింది. లీటరుకి మైక్రోగ్రాముల్లో: అల్యూమినియం 640, సీసం 18, జింక్ 412. జింక్ బెంచ్‌మార్క్, అంటే పోల్చి చూసే గీత, 90 అని ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు.

మా పార్ట్‌నర్ "ఎవడు చూస్తాడ్రా, మళ్లీ ఇంకో వానకి పట్టు, తక్కువ వచ్చింది పంపిద్దాం" అంటున్నాడు. నాకది నచ్చట్లేదు. ఫైన్ పడుతుందా? ఎవరికి చెప్పాలి? బోట్లు కడిగే నీళ్లు కూడా ఈ తూములోకే పోతున్నాయి, ఆ నీళ్లు చూస్తే బట్టలకి పెట్టే నీలిమందు కలిపినట్టు ఉంటాయి. అసలు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

---

వానచినుకు_59 (అక్టోబర్ 9, 2024)

తమ్ముడూ, ముందు మంచినీళ్లు తాగు. నేను పద్నాలుగేళ్లుగా ఈ పర్మిట్ల పనే చేస్తున్నాను, వూస్టర్ దగ్గర ఉంటాను. నీ పోస్టులో మూడు నాలుగు విషయాలు కలిసిపోయాయి, విడదీద్దాం.

మొదటిది, బెంచ్‌మార్క్ దాటడం దానంతట అది నేరం కాదు. ఇది పర్మిట్లోనే స్పష్టంగా రాసి ఉంటుంది, అయినా అందరూ ఇక్కడే భయపడతారు. దాటాక ఏమీ చేయకపోతే, అప్పుడు ఉల్లంఘన. లెక్క ఎలాగంటే నాలుగు క్వార్టర్ల సగటు 90 దాటకూడదు. 90ని నాలుగుతో గుణిస్తే 360. నీకు ఒక్కదాంట్లోనే 412 వచ్చింది, అంటే మిగతా మూడూ సున్నా వచ్చినా సగటు దాటేసినట్టే. కాబట్టి నాలుగో శాంపిల్ దాకా ఆగే పని లేదు, నువ్విప్పుడే ఎయిమ్ (గీత దాటినవాళ్లు చేయాల్సిన అదనపు పనులు) లెవెల్ 1లోకి వచ్చేశావు. కంగారు పడకు, లెవెల్ 1 అంటే స్విప్ మళ్లీ చూసుకో, జింక్ ఎక్కడిదో ఆలోచించు, చేయగలిగింది 14 రోజుల్లో చేసి రాసిపెట్టు, 14 రోజుల్లో కుదరనిదైతే ఎందుకో రాసి 45 రోజుల్లో ముగించు, అంతే. తర్వాత మళ్లీ నాలుగు క్వార్టర్లు పట్టాలి. అప్పుడూ దాటితే లెవెల్ 2. మూడోసారీ అయితే లెవెల్ 3, అక్కడ కట్టడాలు, ఫిల్టర్లు అడుగుతారు, జేబుకి చిల్లు పడేది అక్కడే.

రెండోది, మీ పార్ట్‌నర్ సలహా. ఎక్కువసార్లు పట్టొచ్చు, ఎవరూ వద్దనరు, కానీ ఆ తూము దగ్గర సరైన పద్ధతిలో పట్టినవన్నీ రిపోర్టు చేయాలి. నచ్చింది ఉంచి నచ్చనిది పారేయడానికి లేదు. ఫలితం చేతికొచ్చిన 30 రోజుల్లో నెట్‌డీఎంఆర్ అనే ఈపీఏ ఆన్‌లైన్ పద్ధతిలో ఎక్కించాలి, ఆ రిపోర్టుల్నే డీఎంఆర్‌లంటారు. తెలిసి తప్పుడు రిపోర్టు ఇస్తే క్లీన్ వాటర్ యాక్ట్ కింద క్రిమినల్ కేసు, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు రాసి ఉంది చట్టంలో. ఆయనకి ఈ లైను చూపించు. సివిల్ పెనాల్టీ గరిష్టం రోజుకి, ఒక్కో ఉల్లంఘనకి 60 వేల డాలర్ల పైనే. అంతంత వేస్తారని కాదు, కానీ ఆ అంకె కాగితం మీద ఉంది. పైగా ఈపీఏనే రావక్కర్లేదు. నది, సముద్రం కోసం పనిచేసే సంఘాలు కూడా 60 రోజుల నోటీసు ఇచ్చి కోర్టుకి వెళ్లొచ్చు, ఈ తీరంలో వెళ్తాయి కూడా. వాళ్లు ముందు చూసేది ఆన్‌లైన్లో అందరికీ కనపడే నీ డీఎంఆర్‌లే. వరసగా "నో డిశ్చార్జ్" ఉంటే పక్కన వాతావరణ శాఖ వర్షపాతం లెక్క పెట్టి చూస్తారు.

మూడోది, ఆ పాత "నో డిశ్చార్జ్" సంగతి. ఏప్రిల్-జూన్ మీ హయాంలోదే, దాన్ని సరిచేసి మళ్లీ పంపాలి. అంతకుముందువి పాత ఓనర్‌వి. కొత్తగా కొన్నవాళ్లకి ఈపీఏ 2008లో ఒక పాలసీ పెట్టింది, కొన్న తొమ్మిది నెలల్లోపు మీరే వెళ్లి "ఇదీ పరిస్థితి, సరిచేస్తాం" అని ఒప్పందం చేసుకుంటే పెనాల్టీలో చాలా వెసులుబాటు ఉంటుంది. మార్చిలో కొన్నానన్నావు, అంటే డిసెంబర్ దాకా టైమ్ ఉంది. దీనికి మాత్రం నా మాట కాదు, పర్యావరణ చట్టాలు చూసే లాయర్ని పట్టుకో, ఈ వారమే.

నాలుగోది, ఆ నీలిమందు నీళ్లు. ఇది నన్నడిగితే జింక్ కంటే పెద్ద తలనొప్పి. బోటు అడుగు ప్రెషర్ వాషర్‌తో కడిగిన నీళ్లు వాన నీళ్లు కాదు. అదే కంకర మీద పడి అదే తూములోంచి పోయినా సరే. నీ పర్మిట్ వాటిని ఒప్పుకోదు. ఆ నీళ్లలో ఉన్నది పెయింట్, అందులో రాగి. రేపటినుంచే ఆపు. కడగడం ఆపమని కాదు, ఆ నీళ్లు బయటికి పోకుండా ఆపు. ప్యాడ్ మీద కడిగి, గుంటలోకి పట్టి, శుద్ధి చేసి మళ్లీ వాడటం ఒక దారి. ఊళ్లో మురుగు లైను ఉంటే వాళ్ల అనుమతితో అందులోకి పంపడం ఇంకో దారి. సెప్టిక్ ట్యాంకులోకి మాత్రం వద్దు, ఈ రాష్ట్రంలో అది ఇంకో కేసు.

ఇంతకీ షెడ్డు పైకప్పు ఏం రేకు?

---

చీసపీక్_చేప (అక్టోబర్ 10, 2024)

మాది మేరీలాండ్. నేను ఓనర్ని కాదు, యార్డు మేనేజర్ని, తెలుగువాణ్ణి ఈ పనిలో చూసి అందరూ ఆశ్చర్యపోతారు, ఇప్పుడు మీరు ముగ్గురు దొరికారు.

ఒక్క మాట, ఈ చర్చ చదివే వేరే రాష్ట్రాలవాళ్లు పైన చెప్పిన రూల్స్ మక్కీకి మక్కీ మీ యార్డుకి వాడుకోకండి. మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్, న్యూ మెక్సికో లాంటి కొద్ది చోట్లే ఈపీఏ నేరుగా పర్మిట్ ఇస్తుంది. మిగతా చాలా రాష్ట్రాలు సొంతంగా ఇచ్చుకుంటాయి. మా దగ్గర మెరీనాలకని విడిగా జనరల్ పర్మిట్ ఉంది, బోట్లు కడిగే నీళ్ల సంగతి అందులోనే ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో బోట్‌యార్డులకే ప్రత్యేకంగా ఒకటి ఉంది, రాగి మీద వాళ్లు చాలా గట్టి. కాలిఫోర్నియా లెక్క ఇంకోటి.

ఉప్పుగాలి గారూ, మీ అసలు సమస్య మీ మనుషులు కాదు, మీ కస్టమర్లు. మా అనుభవం చెప్తున్నాను. ఏప్రిల్ రెండో వారం ఎండ కాసిందంటే చాలు, ప్రతి బోటు కింద ఒకాయన, చేతిలో మామూలు శాండర్, కింద పట్టా కూడా ఉండదు, నీలం పొడి, ఎర్ర పొడి రంగుల పండగ. సాయంత్రం వాన వస్తే అదంతా ఎక్కడికి పోతుంది? మేం ఏం చేశామంటే, యార్డులో మామూలు శాండర్ కనపడితే కరెంటు తీసేస్తాం. వ్యాక్యూమ్ తగిలించిన శాండర్లు మేమే అద్దెకిస్తాం, మొదటి ఏడాది ఉచితంగానే ఇచ్చాం. చలికాలం కాంట్రాక్టులోనే ఒక పేరా, కింద పట్టా పరచాలి, రోజు చివర ఊడ్చాలి, గాలి ఎక్కువుంటే ఆపాలి, సంతకం పెట్టించుకుంటాం. మొదట్లో ఇద్దరు ముగ్గురు అరిచారు, ఒకాయన వేరే యార్డుకి వెళ్లిపోయాడు. వెళ్లనీ. ఆయన పొడికి మన పర్మిట్ జవాబుదారీ కాబట్టి.

ఫ్యుయెల్ డాక్ ఉందన్నారు, నేల మీద ట్యాంకులు అన్నీ కలిపి 1,320 గ్యాలన్లు దాటితే ఎస్‌పీసీసీ అని, నూనె ఒలకకుండా ఏం చేస్తామో రాసే ఇంకో ప్లాన్ ఉండాలి. అది ఈ పర్మిట్‌కి సంబంధం లేని వేరే గొడవ, కానీ ఇన్‌స్పెక్టర్ వస్తే రెండూ కలిపే అడుగుతాడు. మీ గ్యాస్ స్టేషన్ల పార్ట్‌నర్‌కి తెలిసే ఉంటుంది.

---

భీమిలి_బాబాయ్ (అక్టోబర్ 10, 2024)

బాబూ, నేను విశాఖపట్నంలో ఓడల యార్డులో పెయింట్ షాపులో ముప్ఫై ఒక్కేళ్లు చేసి రిటైరయ్యాను, ఇప్పుడు అమ్మాయి దగ్గర న్యూజెర్సీలో ఉన్నాను. మీ పర్మిట్ల భాష నాకు రాదు. కానీ పెయింటు తెలుసు.

బోటు అడుగున పెంకులు, నాచు పట్టకుండా వేసే పెయింటు అంటే విషం అని అర్థం. మెల్లగా నీళ్లలోకి వదిలే విషం. మా రోజుల్లో తగరం కలిపిన పెయింటు ఉండేది, టీబీటీ అనేవాళ్లం. అబ్బో, ఏం పని చేసేదో. ఐదేళ్లు ఓడ అడుగు అద్దంలా ఉండేది. తర్వాత తెలిసింది, ఫ్రాన్స్‌లో అర్కషోన్ అనే చోట ఆల్చిప్పల పెంపకం దాని వల్లే దెబ్బతిందని, సముద్రపు నత్తల్లో ఆడవాటికి మగ లక్షణాలు వస్తున్నాయని. అమెరికా వాళ్లు 1988లో చిన్న బోట్లకి ఆపేశారు, ప్రపంచమంతా ఓడలకి ఆపే ఒప్పందం 2001లో రాసుకుని 2008లో అమల్లోకి తెచ్చారు. ఆ తర్వాత అందరూ మళ్లీ రాగికే వచ్చారు. నీ నీలిమందు నీళ్లలో ఉన్నది అదే.

కానీ నువ్వు అడుగుతున్నది జింక్ గురించి. అడుగు పెయింటులో జింక్ కొంత ఉంటుంది, లేదనను. బోటు తుప్పు పట్టకుండా కింద బిగించే జింక్ దిమ్మలు ఉంటాయి, పాతవి విప్పి యార్డులో ఎక్కడపడితే అక్కడ పడేస్తారు, అవి ఏరించి మూత ఉన్న డబ్బాలో వేయించు. అయితే నాలుగొందలు అంటే నేను ముందు చూసేది పైకి. రేకుల షెడ్డు అన్నావు. సముద్రపు గాలికి జింకు పూత రేకు ఎలా తినేస్తుందో మా యార్డులో చూశాను, పదేళ్లకి తెల్లటి పొడి చేతికి అంటుతుంది, సున్నం గోడ ముట్టుకున్నట్టు. ఒకసారి నిచ్చెన వేసుకుని చేత్తో రాసి చూడు.

మా ఊరి సంగతి ఒకటి చెప్తాను, ఇక్కడ పనికొస్తుందో లేదో. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదా, మర బోట్లన్నీ ఆ రెండు నెలల్లోనే ఒడ్డుకి లాగి గీకి రంగులేస్తారు. ఆ పొడంతా రేవులో నేల మీద ఉండగానే నైరుతి వస్తుంది, మొదటి వానకే అంతా నీళ్లలోకి. మీ దగ్గర మంచు కరిగే టైములో రంగులేస్తారట, అదే కథ కదా.

---

ల్యాబ్‌సీసా (అక్టోబర్ 11, 2024)

బాబాయ్ గారి పోస్టుకి వంద లైకులు. నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో చేస్తాను, ఎక్కడో చెప్పను.

ఉప్పుగాలి గారూ, ఒక చిన్న అనుమానం. ఆ నీళ్లు దేనితో పట్టారు? తూము కింద సీసా నేరుగా పెట్టారా, మధ్యలో ఏదైనా బకెట్టు వాడారా? అడుగుతున్నది ఎందుకంటే జింక్ శాంపిళ్లు సగం ఇక్కడే పాడవుతాయి. లోహాల సీసాలో ల్యాబ్ వాళ్లు ముందే కొంచెం నైట్రిక్ యాసిడ్ పోసి ఇస్తారు, దాన్ని కడగకూడదు, పొంగి పారేలా నింపకూడదు. నేలకి ఆనించి మట్టి ఎత్తకూడదు. మీ పర్మిట్లో అయితే వాన మొదలై నీళ్లు పారడం మొదలైన 30 నిమిషాల్లోపు పట్టాలి, అంతకుముందు 72 గంటలు నీళ్లు పారేంత వాన పడి ఉండకూడదు. ఆ తేదీ, టైము, ఎంత వాన పడింది అన్నీ రాసుకోవాలి. ల్యాబ్ సీసా కాక ఇంకో రంగులేని గాజు సీసాలో పట్టి వెలుతురులో చూడాలి కూడా, రంగు, వాసన, నురగ, నూనె తెట్టు, అడుగున మడ్డి, ఇవన్నీ కంటితో చూసి రాసే కాగితం వేరే ఉంటుంది. అది క్వార్టర్‌కోసారి, ల్యాబ్ ఖర్చు లేదు, అందరూ మర్చిపోయేది అదే.

---

ఉప్పుగాలి (అక్టోబర్ 11, 2024)

ల్యాబ్‌సీసా గారూ, సిగ్గుగా ఉంది కానీ చెప్తాను. తూము వంగి చేయి పెట్టడానికి అందదు, అందుకని షెడ్డులో ఉన్న ఇనప బకెట్టుకి తాడు కట్టి దించాను. ఇప్పుడు వెళ్లి చూశాను. జింకు పూత బకెట్టు.

నవ్వుకోండి, పర్లేదు. మా ఆవిడ కూడా నవ్వింది.

మరి ఆ 412 తీసేయొచ్చా?

---

వానచినుకు_59 (అక్టోబర్ 11, 2024)

తీసేయకు. నవ్వాను, కానీ తీసేయకు. అది పంపు, కింద కామెంట్ పెట్టే చోట "జింకు పూత బకెట్టుతో పట్టాం, తర్వాతి శాంపిల్ నుంచి పద్ధతి మార్చాం" అని ఒక వాక్యం రాయి. నిజం రాసిన ఫైలు చూస్తే ఇన్‌స్పెక్టర్‌కి ఒక రకమైన నమ్మకం కలుగుతుంది, ఇది నేను చాలాసార్లు చూశాను. బకెట్టులో రెండు నిమిషాలున్న నీళ్లు అంత ఎక్కాయని నేననుకోను కూడా. బకెట్టు వల్ల వందకి అటూ ఇటూ ఎక్కి ఉండొచ్చు, అసలు మూలం వేరే ఉంది.

ఇప్పుడు చేయాల్సింది ఇంకోటి. తూము దగ్గర కాదు, యార్డు లోపల, మూడు చోట్ల విడివిడిగా పట్టు. షెడ్డు చూరు కింద పడే నీళ్లు, ట్రావెల్‌లిఫ్ట్ తిరిగే దారి, బోట్లు నిలబెట్టే కంకర. ఇవి మూలం వెతకడానికే, తూము దగ్గర రిపోర్టు చేసే శాంపిళ్ల లెక్క వేరు. కానీ కాగితాలు ఫైల్లో ఉంచు. ప్లాస్టిక్ మగ్గుకి కర్ర కట్టుకో చాలు.

ఇంకో మాట ఊరికే, నా అసహనం అనుకో. ఈ పర్మిట్ వ్యాపారాల్ని సెక్టర్లుగా విడదీస్తుంది, నీది మెరీనా కాబట్టి సెక్టర్ క్యూ, అందులో అడిగేది అల్యూమినియం, సీసం, జింక్. 2015 పర్మిట్లో ఇనుము కూడా ఉండేది, 2021లో తీసేశారు. రాగి లేదు! బోట్ల యార్డులో అసలు దొంగ రాగి, దాన్నే అడగరు. అదే బోట్లు కట్టడం, రిపేర్ చేయడం ప్రధాన వ్యాపారమైతే సెక్టర్ ఆర్, అక్కడ పీహెచ్, నీళ్లలో మడ్డి, సీఓడీ (నీళ్లలోని మలినాలకి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) కొలిచి రిపోర్టు చేస్తే సరి, దాటితే అన్న గీతే లేదు. ఉప్పునీటికి ఇదే పర్మిట్లో రాగి గీత ఎంతో తెలుసా, 4.8. జింక్‌కి 90, రాగికి 4.8, రాగి ఎంత ఘాటో చూడు. శాన్ డియేగోలో షెల్టర్ ఐలాండ్ అనే బోట్ల రేవులో రాగి అంతా ఎక్కడినుంచి వస్తోందని 2005లో లెక్క తీస్తే 98 శాతం బోట్ల అడుగు పెయింటే. ఏడాదికి 2,163 కిలోల రాగి 567 కిలోలకి తగ్గించాలని గడువు పెట్టారు. అది యార్డుల వాన నీళ్లు కూడా కాదు, నీళ్లలో నిలబడి ఉన్న బోట్లే. అందుకే నిన్ను రాగి అడగట్లేదని ఆ కడిగే నీళ్ల సంగతి వదిలేయకు.

---

ఉప్పుగాలి (నవంబర్ 23, 2024)

అప్‌డేట్ పెడతానన్నాను, పెడుతున్నాను.

లాయర్ని పట్టుకున్నాం, పాతవాటి సంగతి ఆవిడే చూస్తోంది, దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయొద్దంది. ఏప్రిల్-జూన్ డీఎంఆర్ సరిచేసి పంపాం. స్విప్ మొత్తం కొత్తగా రాశాం, నేనే యార్డంతా గొడుగు వేసుకుని తిరిగి నీళ్లు ఎటు పోతున్నాయో సుద్దతో గీతలు గీశాను, కంకర మీద సుద్ద నిలవదని గీశాక తెలిసింది. గేటు దగ్గర బోర్డు కూడా పెట్టాం, పర్మిట్ నంబరు, ఫిర్యాదుకి ఎవరిని అడగాలో రాసి. 2021 నుంచి అది తప్పనిసరట, పాత ఓనర్ పెట్టలేదు.

కడిగే నీళ్లకి ఈ సీజన్‌కి తాత్కాలికంగా ఒక ఏర్పాటు చేశాం. ట్రావెల్‌లిఫ్ట్ ఆగే చోట అంచులు లేపిన మందపాటి రబ్బరు పరుపు, మధ్యలో పంపు, పక్కన ట్యాంకులు. నిండితే లైసెన్సు ఉన్న కంపెనీ వచ్చి తీసుకెళ్తుంది. రోజుకి పన్నెండు బోట్లు కడిగే వాళ్లం, ఇప్పుడు ఏడు. మొదటి రోజు ట్యాంకు అడుగున మిగిలిన మడ్డి చూశాను, బంకలా, ముదురు నీలం, చేతి గ్లౌజుకి పట్టింది వదలలేదు. ఇదంతా ఇన్నేళ్లూ సముద్రంలోకి పోయిందా అని మా గ్యాస్ స్టేషన్ల పార్ట్‌నరే అన్నాడు. శాశ్వతంగా శుద్ధి చేసే ప్లాంటుకి కొటేషన్ తెప్పించాం, చూసి ముగ్గురం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. వచ్చే ఏడాది.

ఇక అసలు సంగతి. ఎన్నాళ్లకో మొన్న మంచి వాన పడింది, ప్లాస్టిక్ మగ్గుతో మూడు చోట్లా పట్టాను. బోట్ల కంకర దగ్గర జింక్ 130. ట్రావెల్‌లిఫ్ట్ దారిలో 210. షెడ్డు చూరు కింద 1,900.

బాబాయ్ గారూ, మీ కాళ్లకి దండం. నిచ్చెన వేసి చేత్తో రాశాను, మీరన్నట్టే, సున్నం.

---

భీమిలి_బాబాయ్ (నవంబర్ 23, 2024)

చెప్పానా! నిచ్చెన ఎవరైనా పట్టుకున్నారా లేదా? తడి రేకు మీద ఎక్కకు బాబూ. రంగు వేయిస్తావు కదా, ఒక్కటి విను. పాత జింకు రేకు మీద మామూలు పెయింటు నిలవదు, ఏడాదిలో పొరలుగా లేచిపోతుంది. ముందు ఆ తెల్లపొడి పోయేలా కడిగించు, ఆ నీళ్లు కూడా తూములోకి పోనీకు సుమా, అందులో ఉన్నదే జింకు. తర్వాత జింకు రేకుకని అమ్మే ప్రైమర్ వేసి, అప్పుడు పై పూత. చలిలో వేయించకు, మే దాకా ఆగు.

---

వానచినుకు_59 (నవంబర్ 24, 2024)

మే దాకా రంగు ఆగినా పర్మిట్ ఆగదు, కాబట్టి ఈలోపు చూరు నీళ్లకి ఏదో ఒకటి చేయాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో పోర్ట్ ఆఫ్ వాంకూవర్ వాళ్లు గ్రాటిక్స్ అని ఒక తొట్టె తయారుచేశారు, వాళ్లకీ ఇదే బాధ, జింకు కప్పులు. పెద్ద ప్లాస్టిక్ తొట్టె, అడుగున చిన్న గులకరాళ్లు, చిల్లుల గొట్టం, పైన ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి, మొక్కలు. చూరు గొట్టం నీళ్లు పైనుంచి పడి మట్టిలోంచి వడకట్టుకుని కిందనుంచి పోతాయి. మట్టి జింకుని పట్టుకుంటుంది. కొనక్కర్లేదు, మనమే చేసుకోవచ్చు. మీ దగ్గర చలికి గడ్డకడుతుంది, పక్కకి పొంగిపోయే దారి ఒకటి ఉంచు. ఎన్ని గొట్టాలున్నాయి షెడ్డుకి?

14 రోజులూ, 45 రోజులూ దాటిపోయాయి, ఎందుకు అవ్వలేదో ఫైల్లో రాయి, రంగుకైతే "చలి, ఆరదు" అని. తేదీ మాత్రం వెయ్యి.

---

ఉప్పుగాలి (జనవరి 27, 2025)

నాలుగు గొట్టాలు, నాలుగు తొట్టెలు, మేమే చేశాం, మా అబ్బాయి, వాడి ఫ్రెండ్స్ వచ్చి మట్టి మోశారు. మొక్కలు ఇంకా లేవు, ఎండుగడ్డి కప్పాం.

డిసెంబర్ వానకి తూము దగ్గర పట్టింది: జింక్ 138. ఇంకా 90 పైనే ఉంది, తెలుసు. సీసం, అల్యూమినియం గీత కిందే. నెట్‌డీఎంఆర్‌లో ఎక్కించాం, కామెంట్‌లో తొట్టెల సంగతి రాశాం. వార్షిక రిపోర్టు జనవరి 30కి కదా, నిన్న రాత్రి పంపేశాను, మొత్తం తిప్పి తిప్పి చదివి. ఈ పర్మిట్ గడువు 2026 ఫిబ్రవరి చివరికి అయిపోతుందట, కొత్తదాని ముసాయిదా డిసెంబర్‌లో వచ్చింది, ఇంకా చదవలేదు, ఎవరైనా చదివితే మెరీనాలకి ఏం మారుతుందో చెప్పండి.

చీసపీక్ గారూ, మీ కాంట్రాక్టు పేరా యథాతథంగా వాడుకుంటున్నాం, అనుమతి ఇచ్చేయండి. వ్యాక్యూమ్ శాండర్లు ఎన్ని కొనాలి? మాకు చలికాలం యార్డులో 110 బోట్లు ఉన్నాయి, అందులో సగం మంది సొంతంగా రంగు వేసుకునేవాళ్లే.

---

చీసపీక్_చేప (జనవరి 27, 2025)

ఆరు కొనండి. అందరూ ఒకే శనివారం వస్తారు, ఎన్ని కొన్నా చాలవు, బుకింగ్ చీటీ ఒకటి పెట్టండి. సంచులు మాత్రం డజన్ల లెక్కన తెప్పించుకోండి, రాగి పొడికి అవి ఊరికే నిండుతాయి, నిండిన సంచి మామూలు చెత్తలో వేయకుండా విడిగా పెట్టించండి.

పేరా వాడుకోండి. కింద మా యార్డు పేరు తీసేశారా లేదా ఒకసారి చూసుకోండి, మళ్లీ పదకొండో పేజీ కథ అవుతుంది.